వాన వచ్చే దారిలో పండుగలు

ఋతువులు ఆరని పంచాంగం చెబుతున్నది. వసంతం మొదలు శిశిరం వరకు ఒక్కొక్క ఋతువుకు రెండేసి మాసాలు. మన కావ్యాలలో ఈ ఆరింటికీ వర్ణనలు ఉన్నాయి. అయితే కర్నూలు, కడప ప్రాంతాలలో మెట్టసేద్యం చేసే రైతును కాలం గురించి అడిగితే అతడు ఋతువుల పేర్లు చెప్పడు, కార్తెల పేర్లు చెబుతాడు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ, మృగశిరలో తొలకరి, హస్త, చిత్త కార్తెలలో నల్లరేగడి భూముల విత్తనం. ఈ లెక్క సూర్యుని గమనాన్ని అనుసరించినది కనుక ఏటా దాదాపు అవే తేదీలకు వస్తుంది. మృగశిర కార్తె ఏ సంవత్సరమైనా జూన్ మొదటి వారం చివరనే ప్రవేశిస్తుంది.

పండుగల లెక్క వేరు. అవి చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. అందుచేత 2023లో జూన్ 4వ తేదీన వచ్చిన ఏరువాక పౌర్ణమి, 2024లో జూన్ మూడవ వారం చివరకు జరిగింది. ఇంచుమించు ముప్పైమూడు నెలలకు ఒకసారి వచ్చే అధికమాసం ఈ తేడాను సరిచేసి, పండుగను మరల దాని ఋతువులో నిలుపుతుంది. రైతు ఈ రెండు లెక్కలనూ మనసులో ఉంచుకొంటాడు. విత్తనానికి కార్తెను, పూజకు తిథిని చూస్తాడు. ఈ రెండూ కలిసే చోట్లనే ఈ సీమలోని ముఖ్యమైన పండుగలు నిలిచి ఉన్నాయి.

ముందుగా ఈ ప్రాంతపు వానను గురించి కొంత తెలుసుకోవాలి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి మేఘాలు తమ నీటిలో అధికభాగాన్ని పశ్చిమ కనుమలకు అవతలనే కురిపించి, తేలికపడి ఇటు వస్తాయి. ఇటువంటి ప్రాంతాన్ని వర్షచ్ఛాయా ప్రాంతమని అంటారు. బంగాళాఖాతం నుండి వచ్చే ఈశాన్య మేఘాలు తీరంలో సమృద్ధిగా కురిసి, లోపలికి వచ్చేసరికి బలహీనమవుతాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో సంవత్సరానికి సగటున సుమారు 670 మిల్లీమీటర్లు, ఉమ్మడి కడప జిల్లాలో సుమారు 700 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గోదావరి జిల్లాలలో ఇది వేయి మిల్లీమీటర్లను దాటుతుంది. కర్నూలు వానలో మూడింట రెండు వంతులు నైరుతిది. కడప వానలో మూడవ వంతుకు పైగా ఈశాన్యానిది. పక్కపక్కనే ఉన్న జిల్లాలైనా వాటి ఆశలు రెండు వేరువేరు దిక్కుల మీద ఉన్నాయి.

అసలు కష్టం సగటు తక్కువ కావడం ఒక్కటే కాదు. ఆ సగటు ఏనాడు ఎలా వస్తుందో తెలియకపోవడం అంతకంటె పెద్ద కష్టం. మొలక వచ్చిన తరువాత నెలరోజులు వాన మొగం చాటేయవచ్చు. కోతకు వచ్చిన పంటపై మూడు రోజులు కుండపోతగా కురవవచ్చు. అందుకే ఇక్కడి రైతు సంవత్సరంలో కొన్ని సందర్భాలలో పెద్ద నిర్ణయాలు చేయవలసి వస్తుంది. ఏ పంట వేయాలి, ఎంత విస్తీర్ణంలో వేయాలి, అప్పు తేవాలా వద్దా, ఎద్దులను ఉంచుకోవాలా అమ్ముకోవాలా అన్న ప్రశ్నలకు మబ్బు కనిపించకముందే సమాధానం చెప్పుకోవాలి. ఈ నిర్ణయాలు చేసే వేళలను, పండుగలు వచ్చే వేళలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం కనబడుతుంది. కోస్తాలో పండుగ పంట ఇంటికి వచ్చాక జరుపుకొనే సంబరం. ఈ సీమలో పెద్ద పండుగలు చాలావరకు పంట వేయడానికి ముందు వస్తాయి. అవి రాబోయే కాలాన్ని అడిగి తెలుసుకొనే పండుగలు.

మొదటిది ఉగాది. వేపచెట్టు పూతపూసి, పొలాలు ఖాళీగా ఉన్న కాలంలో వస్తుంది. ఆనాటి సాయంత్రం ఊరి గుడిలో పంచాంగ శ్రవణం జరుగుతుంది. పట్టణవాసులు రాశిఫలాల కోసం, ఆదాయవ్యయాల కోసం చెవి ఒగ్గుతారు. పల్లెలోని వృద్ధులు ఎదురుచూసేది వేరొక భాగం కోసం. ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు, వాన ఎన్ని తూములు అన్నది వారికి ముఖ్యం. ఆ తూములలో కొన్ని భాగాలు సముద్రానికి, కొన్ని పర్వతాలకు పోగా భూమికి మిగిలే భాగమెంతో పంచాంగకర్త చెబుతాడు. వానలో ఎక్కువపాలు సముద్రానికే పోతుందన్న మాట ఈ ప్రాంతపు శ్రోతకు వింతగా తోచదు. అది అతడు ఏటా చూస్తున్న సంగతే.

కడపలో ఉగాదికి మరొక విశిష్టత ఉన్నది. దేవుని కడపలోని లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి ఆనాడు ముస్లిములు పెద్దసంఖ్యలో వచ్చి స్వామిని దర్శించుకొంటారు. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు అని, ఆమెను చేపట్టిన స్వామి తమ అల్లుడని వారి విశ్వాసం. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు జరిగే పిడకల సమరం గురించి వినని వారు ఆ ప్రాంతంలో ఉండరు. వీరభద్రస్వామికి, కాళికాదేవికి మధ్య వచ్చిన ప్రణయకలహానికి గుర్తుగా గ్రామస్థులు రెండు పక్షాలుగా చీలి పిడకలతో కొట్టుకొంటారు. దెబ్బలు తగిలినవారు విభూతి రాసుకొంటారు. తరువాత దేవుని కల్యాణం జరుగుతుంది. కథ ఏదైనా, ఈ వేడుకకు కావలసిన సరుకు ఎండాకాలంలోనే దొరుకుతుందన్నది గమనించదగినది. మాఘ, ఫాల్గుణాలలో ఎండిన పిడకల రాశులు లేనిదే ఈ సమరం లేదు.

రెండవది ఏరువాక పౌర్ణమి. జ్యేష్ఠమాసంలో తొలకరి పడి భూమి పదునెక్కే వేళ ఇది వస్తుంది. ఆనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపించి ఊరేగిస్తారు. గొర్రు, గుంటక, జడ్డిగం మొదలైన పనిముట్లకు పసుపు, కుంకుమ పెడతారు. కర్నూలు జిల్లా పడమటి అంచున కన్నడ దేశం మొదలవుతుంది. అక్కడ ఇదే పౌర్ణమిని కారహుణ్ణిమె అంటారు. ఆనాటి పరుగులో ఏ రంగు ఎద్దు ముందుగా తోరణం దాటితే ఆ ఏడు ఆ రంగు పంట బాగా పండుతుందని అక్కడివారి నమ్మకం. తెల్ల ఎద్దు గెలిస్తే తెల్లజొన్న, పత్తి. ఎర్ర ఎద్దు గెలిస్తే ఎర్రని ధాన్యం. భాష మారినా, పాలించిన రాజ్యాలు మారినా నేల స్వభావం మారలేదు కనుక ప్రశ్న కూడా మారలేదు.

మూడవది దసరా. దీనిని గురించి కొంత విపులంగా చెప్పుకోవాలి. నల్లరేగడి నేలల్లో విత్తనం తొలకరికి పడదు. ఆ నేల వానాకాలమంతా నీటిని తాగి దాచుకొంటుంది. భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో జొన్న, శనగ వేస్తారు. తరువాత చినుకు పడకపోయినా భూమిలోని తేమతో, రాత్రిపూట మంచుతో ఆ పైరు నెట్టుకువస్తుంది. అంటే విజయదశమి నాటికి ఈ రైతు మరొక నిర్ణయం ముంగిట నిలిచి ఉంటాడు. సరిగా ఆ రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. కొండమీద స్వామివారి కల్యాణం ముగిశాక ఉత్సవమూర్తులను దింపుతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవారు మూర్తులను కాపాడుతూ నడుస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవారు వాటిని దక్కించుకోవాలని ఎగబడతారు. దివిటీల వెలుగులో ఇనుపకట్లు వేసిన కర్రలు గాలిలో లేస్తాయి. మణి, మల్లాసురులనే రాక్షసులను స్వామి సంహరించిన కథకు ఇది గుర్తని చెబుతారు. ఏటా అనేకులకు తలలు పగులుతాయి. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. పోలీసు బందోబస్తు, ఆంక్షలు, ముందస్తు సమావేశాలు ఎన్ని జరిగినా ఇది ఆగలేదు. ఇంతటి హింసను ఆచారమని సమర్థించడం కష్టం.

అయితే పత్రికలు కర్రలను చూసినంతగా తెల్లవారుజామున జరిగే దానిని చూడలేదేమో అనిపిస్తుంది. రాత్రంతా సాగిన ఊరేగింపు బసవన్న గుడి చేరాక అక్కడి పూజారి ఆ ఏటి భవిష్యవాణిని వినిపిస్తాడు. వాన ఎలా ఉంటుంది, జొన్న ధర ఎంత పలుకుతుంది, పత్తి ధర ఎంత ఉంటుంది అన్నవి అందులోని విషయాలు. అంతవరకు కేకలతో దద్దరిల్లిన జనం ఆ నాలుగు మాటల కోసం నిశ్శబ్దమవుతారు. విని ఇంటికి వెళ్ళి విత్తనం చూసుకొంటారు.

వీటిని రైతులు నిజంగా నమ్ముతారా అన్న సందేహం విద్యార్థులకు కలగవచ్చు. భవిష్యవాణి విన్న రైతు కూడా పొలానికి వెళ్ళి మట్టిని పిడికిట పట్టి పదును చూసిన తరువాతనే గొర్రు కడతాడు. జోస్యం అతని అనుభవానికి బదులుగా నిలవదు. తన చేతిలో లేని విషయంపై ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం మనిషికి భారం. పదిమందితో కలిసి విన్న మాట ఆ భారాన్ని పంచుతుంది. పంట పోతే తాను ఒక్కడే తప్పుచేసినట్లు కాదు.

ఇక సంక్రాంతి. కోస్తాలో వరి ఇంటికి చేరాక వచ్చే ఈ పెద్దపండుగ, నల్లరేగడి సీమలో జొన్న ఇంకా కంకి మీద ఉండగానే వస్తుంది. భోగినాడు నువ్వులు అద్దిన సజ్జరొట్టెలు చేయడం కర్నూలు ప్రాంతపు ఆచారం. సజ్జ, జొన్న, కొర్ర, రాగి వంటి తక్కువ నీటి పంటలే ఇక్కడి పళ్ళెంలోకి వచ్చాయి. కాలువ నీరు వచ్చి వరి పెరిగాక కూడా జొన్నరొట్టె, రాగిసంగటి తమ స్థానాన్ని వదులుకోలేదు. కాలువ అంటే కర్నూలు కడప కాలువ. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1863-1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీనిని తవ్వించింది. ఆ కాలువ పారే ఊళ్ళలో సంక్రాంతి కోస్తా రూపాన్ని కొంత తెచ్చుకొన్నది.

సంక్రాంతి తరువాత ఈ సీమలో దేవుళ్ళు, మనుషులు కలిసి నడక సాగిస్తారు. అహోబిలంలో కనుమనాడు పార్వేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకిలో బయలుదేరి సుమారు నలభై రోజులపాటు ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని స్వామి స్వయంగా ఊరూరా పిలుస్తాడని జనం భావిస్తారు. చెంచులు తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని స్వామికి ఇచ్చినవారు కనుక పల్లకిపై బాణాలు వేసే గౌరవం వారిది. మహాశివరాత్రికి నాగలూటి, పెచ్చెరువు దారిన నల్లమల అడవి దాటి వేలాది భక్తులు శ్రీశైలం చేరుతారు. ఉగాదికి కన్నడ భక్తులు కాలినడకన కర్నూలు మీదుగా వస్తుంటే దారిపొడవునా పల్లెలవారు అన్నం పెట్టి, మజ్జిగ పోస్తారు. ఈ ప్రయాణాలన్నీ జనవరి, ఏప్రిల్ మధ్యనే సాగడానికి కారణం ఊహించడం కష్టం కాదు. వాగులు తగ్గి అడవిదారులు నడకకు వీలవుతాయి. పొలం పనులు తగ్గుతాయి. వచ్చినవారికి పెట్టడానికి ఇంట కాసిన్ని గింజలు ఉంటాయి.

నీటితో ఇంతకంటె విచిత్రమైన అనుబంధం సంగమేశ్వరానిది. ఆత్మకూరు సమీపాన సప్తనదుల సంగమంలో వేపదారు లింగం ఉన్న ఈ ప్రాచీన ఆలయం శ్రీశైలం జలాశయం ఏర్పడిన తరువాత నీట మునిగింది. సంవత్సరంలో అధికభాగం అది నీటిలోనే ఉంటుంది. వేసవిలో జలాశయం తగ్గినప్పుడు ముందుగా శిఖరం, తరువాత గోడలు, చివరకు గర్భాలయం బయటపడతాయి. అప్పుడు అర్చకులు పేరుకొన్న బురద తీసి పూజలు మొదలుపెడతారు. ఎగువన వానలు పడి కృష్ణ పొంగగానే చివరి హారతి ఇచ్చి వెనుకకు వస్తారు. ఇక్కడ దర్శనానికి తిథి లేదు, నక్షత్రం లేదు. నీటిమట్టమే ముహూర్తం. ఈ ఒక్క దేవుని దర్శనానికి మాత్రం కరవు ఏడాది ఎక్కువ రోజులు లభిస్తాయి.

కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణం చైత్రమాసంలో రాత్రివేళ, వెన్నెలలో జరుగుతుంది. చంద్రునికి ఇచ్చిన మాట కోసమని స్థలపురాణం. రాష్ట్ర విభజన అనంతరం 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పక్షాన శ్రీరామనవమి ఉత్సవాలు ఇక్కడ జరుగుతున్నాయి. పురాణం మాట ఎలా ఉన్నా, వేసవి పగటి ఎండ తెలిసినవారికి ఆ రాత్రి ముహూర్తం ఎంతో సమంజసంగా తోస్తుంది. కడప బండలు పరచిన ఇళ్ళలో, మట్టిమిద్దెలమీద వెన్నెలలో పడుకొనే అలవాటు ఉన్న జనం వీరు. చెక్కభజన, కోలాటం, తోలుబొమ్మలాట వంటివి రాత్రంతా సాగేది కూడా ఈ రోజులలోనే. వాన తక్కువ కనుక ఇక్కడ ఏటవాలు కప్పుల అవసరం లేకపోయింది. చదునైన మిద్దె కట్టుకొని, వానలకు ముందు దానిపై చవుడు పరిస్తే చాలు.

అన్ని పండుగలూ ఋతువుకు కట్టుబడినవి కావు. సీమ పల్లెల్లో హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకొనే పీర్ల పండుగ అధికమాసం లేని చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. అది ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ముప్పైమూడేళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. పండుగ ఋతువును విడిచి కూడా బ్రతకగలదనడానికి మారిషస్ తెలుగువారు మరొక నిదర్శనం. పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి ఆ ద్వీపంలో నేటికీ ఉగాది జరుపుకొంటున్నది. అక్కడ అది ప్రభుత్వ సెలవుదినం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆ ద్వీపంలో ఆ సమయానికి వేసవి ముగిసి, తుపానుల కాలం వెనుకబడుతూ ఉంటుంది. ఇక్కడ వసంతానికి మొదలైనది అక్కడ శరత్తుకు చేరువ. ఉగాది అక్కడ వాన కబురు అడగదు. తాము ఎవరమో గుర్తుచేస్తుంది.

ఇక్కడ మాత్రం వాన రాని ఏటికి కూడా ఆచారాలు ఉన్నాయి. కప్పను రోకలికి కట్టి ఇంటింటా నీళ్ళు పోయించుకోవడం, గాడిదలకు పెళ్ళి చేయడం, గ్రామదేవతలకు, శివునికి వందల బిందెలతో అభిషేకం చేయడం, భారతంలోని విరాటపర్వాన్ని పారాయణం చేయించడం వాటిలో కొన్ని. వీటి వెనుక ఉన్న భయం కల్పితం కాదు. 1876-78 నాటి ధాత కరవులో కర్నూలు జిల్లా ఎంత నష్టపోయిందో జనగణన చెబుతున్నది. 1871తో పోలిస్తే 1881 నాటికి ఆ జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గింది. అంతకు పదేళ్ళ ముందు 1866 కరవులో ఉయ్యాలవాడ వాసి బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. జనం ఆయనను పాటలలో నిలుపుకొన్నారు.

చెరువు నిండిన ఏటికి వేడుక వేరు. మరవ పారిందని తెలియగానే ఊరి ఆడవారు చీర, రవిక, గాజులు తీసుకొని కట్ట మీదికి వెళ్ళి గంగమ్మకు సమర్పిస్తారు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించి, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కించాడు. వేయిమంది కూలీలు రెండేళ్ళపాటు ప్రతిదినం పనిచేసినట్లు ఆ శాసనం తెలుపుతున్నది. వానను వేడుకొన్న ఈ ప్రజలే, వచ్చిన వానను నిలుపుకోవడానికి ఇంత లెక్క వేశారు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2021 నవంబరు 19న తెలిసింది. ఈశాన్య మేఘాలు శేషాచల ప్రాంతంలో కుండపోతగా కురిసి, చెయ్యేరు పొంగి, రాజంపేట సమీపంలోని అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగింది. నందలూరు పరిసర గ్రామాలను వరద ముంచివేసింది. అది కార్తిక పౌర్ణమి ఉదయం. దీపాలు వెలిగించడానికి నదీతీరాన శివాలయానికి వెళ్ళినవారు కూడా ఆ నీటిలో చిక్కుకొన్నారు.

పండుగల తీరును నేడు మార్చుతున్న మరొక శక్తి వలస. కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు ప్రాంతాల కూలీలు, చిన్నరైతులు సాధారణంగా దీపావళి దాటిన తరువాత పత్తి తీతకు, మిరపకోతకు గుంటూరు వైపు కదులుతారు. తాళం వేసిన ఇంటి ముందర ముసలివారు, కొన్నిచోట్ల బడి మానలేని పిల్లలు మిగులుతారు. మరికొందరు పిల్లలు బడి మాని తల్లిదండ్రులతో వెళతారు. కనుక ఈ ఊళ్ళలో సంక్రాంతి వెలవెలబోతుంది. ముగ్గు వేసే చేతులు ఎవరిదో మిరపచేలో ఉంటాయి. దేవరగట్టు బన్నికి ఊరంతా ఉంటుంది. ఆ తరువాత మళ్ళీ ఊరు నిండేది ఉగాదికే. మార్చి నెలలో లారీలు, ఆటోలు వీధుల్లో ఆగి, మూటలతో, మిరపకాయల సంచులతో జనం దిగుతారు. ఇళ్ళ తాళాలు తీసి, బూజు దులిపి, గడపకు పసుపు రాస్తారు. తెచ్చిన కూలి డబ్బులో అప్పులకు పోను మిగిలినదానితో పిల్లలకు బట్టలు కొంటారు. ఆ సాయంత్రం గుడి ముందర కూర్చొని, ఈ ఏడు వాన ఎన్ని తూములో, అందులో భూమి పాలు ఎంతో వింటారు.